పేరు రాయని సీసా

సీతాఫల్‌మండి, సికింద్రాబాదు,
16-11-1993.

చిరంజీవి మేబెల్‌కు,

మీ నాన్న జీవరాజు దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని అలవాటు కొద్దీ రాయబోయి ఆగాను. మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే కదా, అందరం ఎక్కణ్ణుంచి వస్తాం. నేను క్షేమం. అమ్మ కుట్టుమిషను క్షేమం. పెరట్లో జామచెట్టు ఈసారి బాగానే కాసింది గాని సగం చిలకలు తిన్నాయి, తక్కిన సగం పక్కింటి అనసూయమ్మ గారి మనవలు తిన్నారు. నాకు ఆకులు ఊడ్చే పని దక్కింది. నువ్వు క్షేమమని రాశావు గాని రెండు ఉత్తరాల నుంచి నీ అక్షరాలు గీత మీద నిలవకుండా కిందికి జారుతున్నాయి. వేళకు తింటున్నావా?

నిమ్మకాయ పచ్చడి సీసా పగలకుండా మద్రాసు చేరినందుకు సంతోషం. సీసాకు మూడు వైపులా, చాలక మూత మీద కూడా తెల్ల ప్లాస్టరు అంటించి 'నిమ్మకాయ పచ్చడి' అని రాశానని మీ హాస్టలు పిల్లలంతా నవ్వారని రాశావు. నవ్వనీ. మీ అమ్మ కూడా నవ్వేది. ఉప్పు డబ్బా మీద ఉప్పు అనీ, పంచదార డబ్బా మీద పంచదార అనీ రాసి అంటించే మొగుడు సికింద్రాబాదు మొత్తానికి తనకొక్కదానికే దొరికాడని చర్చిలో అందరికీ చెప్పేది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే నా చొక్కా మీద 'జీవరాజు' అని ప్లాస్టరు అంటించింది. రాసింది నువ్వే, అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. ఆ పిచ్చి నాకు ఎందుకు పట్టిందో ఈ ఉత్తరంలో రాస్తాను. కొంచెం ఓపిక పట్టు తల్లీ. వరసగా వస్తే తప్ప నేను అక్కడికి చేరలేను.

నీ ఉత్తరం ముందు పెట్టుకుని నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తున్నాను.

మోకాలు నొప్పి తగ్గలేదు, పెరగనూ లేదు. రామభద్రరావు డాక్టరు గారు దసరా నుంచి సాయంత్రాలు మాత్రమే క్లినిక్ తెరుస్తున్నారు కాబట్టి నాకూ నిలబడే పని తగ్గింది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన కుర్చీ పక్కన నిలబడి పళ్ళ సిమెంటు కలిపిన కాంపౌండర్ని, కూర్చోవడం నాకు చేతకావడం లేదు. పేషెంట్లు లేనప్పుడు ఆయన కుర్చీలో ఆయన, నా స్టూలు మీద నేను కూర్చుని నీ గురించే మాట్లాడుకుంటాం. 'మన మేబెల్ డాక్టరై వస్తే ఈ కుర్చీ దానికిచ్చి నేను నీ స్టూలు తీసుకుంటానోయ్' అంటారు.

ఇక ఫాస్ఫారిక్ ఆసిడ్ సంగతి. వైవాలో మీ సారు తప్పకుండా అడుగుతారనీ, పుస్తకంలో లేనివి ఏమైనా తెలిస్తే రాయమనీ అన్నావు. పుస్తకం చదివింది నువ్వు. నాకు తెలిసింది నా చేతులకు తెలిసినంత. మా రోజుల్లో పంటికి తొడుగు అతికించాలన్నా, పెద్ద గుంటకు అడుగు వెయ్యాలన్నా జింకు పొడీ ఒక ద్రవమూ కలిపిన సిమెంటే. ఆ ద్రవమే నీ ఫాస్ఫారిక్ ఆసిడ్. గాజు పలక చల్లగా ఉండాలి. మన ఎండాకాలంలో తడిగుడ్డ చుట్టి కుండ పక్కన పెట్టేవాణ్ణి. పొడిని చిటికెడు చిటికెడు కలుపుతూ పలకంతా పరిచి నూరాలి, ఒక్కసారిగా కుమ్మరిస్తే వేడెక్కి చేతిలోనే రాయవుతుంది. ద్రవం సీసా మూత వెంటనే పెట్టాలి, గాలి తగిలితే దాని బలం మారుతుంది. పొడికి సరిపోయే దానికంటే ద్రవం కొంచెం ఎక్కువే పోసి పంపుతారు కంపెనీవాళ్ళు. పొడి అయిపోయాక అడుగున మిగిలిన ద్రవం వాడకూడదు, పారబొయ్యాలి. ఈ మాట గుర్తుపెట్టుకో. దీనితో నాకు తర్వాత పని ఉంది.

పంటిని గరుకు చెయ్యడానికి మీరు చేసే ఎచింగ్ కూడా అదే ఆసిడ్. మేం మొదట్లో పంటి మీద పూర్తిగా ఒక నిమిషం ఉంచేవాళ్ళం, ఇప్పుడు పదిహేను సెకన్లు చాలంటున్నారని నువ్వే రాశావు. కడిగి ఆరబెడితే పన్ను సుద్దముక్కలా తెల్లబడాలి, అప్పుడే పైన వేసే మందు పట్టుకుంటుంది. నునుపుగా ఉన్న పంటికి ఏదీ అంటదు. వాంతులు ఆగడానికి చక్కెర పాకంలో ఇదే ఆసిడ్ రవ్వంత కలిపిన మందు కూడా ఒకటుంది, వైవాలో అది చెబితే మీ సారు మెచ్చుకుంటారు. కూల్‌డ్రింకులో పులుపుకు వేసేదీ ఇదే. ఎంత పలచనగా ఉంది, ఎక్కడ పడింది అన్నదాన్ని బట్టే అది మందో కాదో తేలుతుంది. చిక్కటిది చిగురు మీద పడితే తెల్లగా కాలుస్తుంది. కంట్లో పడితే మరో ఆలోచన లేకుండా నీళ్ళు, పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా నీళ్ళు, తర్వాత కళ్ళ డాక్టరు. సోడా పొడులు, నూనెలు, పసర్లు ఏవీ వద్దు. పేషెంటు కళ్ళకు అద్దాలు పెట్టకుండా ఆసిడ్ చేతిలోకి తీసుకోవద్దు.

తర్వాత నువ్వు అడిగింది, చదివి నేను కుర్చీలోంచి లేచి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివిన సంగతి. ఎచింగ్ చేస్తుంటే ఆసిడ్ జారి ఒక ముసలావిడ చిగురు మీద పడిందనీ, నువ్వు వెంటనే చూసుకోలేదనీ, కాలిన మచ్చ చూసి సారు అడిగితే ఆవిడ నమిలే తాంబూలంలో సున్నం వల్ల అయి ఉంటుందని చెప్పావనీ రాశావు. సారు నమ్మారు. ఆవిడ కూడా నమ్మింది, పైగా తప్పు తనదే అన్నట్టు తల వంచుకుని 'ఇక నమలను డాక్టరమ్మా' అన్నది. ఆ మాట నీకు నిద్రపట్టనివ్వడం లేదని రాశావు. వారంలో మానే పుండే అయినా సారుకు చెప్పాలా వద్దా అని అడిగి, చివర్న 'నువ్వైతే చెప్పేవాడివా నాన్నా?' అన్నావు.

దాని కిందే ఇంకొకటి రాశావు. 'క్రిస్మసుకు వచ్చినప్పుడు అత్తను చూడమని ప్రతి ఉత్తరంలోనూ ఎందుకు రాస్తావు? అమ్మ కన్ను పోగొట్టిన మనిషిని నేనెందుకు చూడాలి?' అని. ఈ రెండూ నీకు వేరువేరు ప్రశ్నలు. నాకు రెండింటికీ ఒకటే జవాబు.

మీ సువార్త అత్త నాకంటే పదకొండేళ్ళు పెద్దది. మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు, నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే తిరిగి నా దగ్గరికే వచ్చింది. నీకు మూడేళ్ళు వచ్చేదాకా నిన్ను ఒళ్ళోంచి దించలేదు, నీకది గుర్తులేదు. దగ్గుకు కషాయం, కడుపునొప్పికి వాము నీళ్ళు, కళ్ళు మండితే నందివర్ధనం పూల పసరు, అన్నీ ఆమెకు తెలుసు. ఈ వీధిలో పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే డాక్టరు దగ్గరికంటే ముందు మన గుమ్మంలోకి వచ్చేవారు. ఇంగ్లీషు మందు తెలిసిన కాంపౌండర్ని ఇంట్లో నేనుండగా ఆమెను అడగడం ఏమిటని నాకు లోపల కొంచెం కడుపుమంటగా కూడా ఉండేది. నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి అది కూడా రాశాను.

డెబ్భై మూడు వానాకాలంలో ఊరంతా కళ్ళకలక. మీ అమ్మకూ నీకూ ఒకేసారి వచ్చింది. డాక్టరు గారిచ్చిన చుక్కల మందు నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆ రోజు పొద్దున పనికి వెళ్తుంటే మీ అమ్మ గుమ్మం దాకా వచ్చి కొత్త సీసా తెమ్మన్నది. తెస్తానన్నాను.

దానికి పది రోజుల ముందు నేనొక పని చేశాను. క్లినిక్‌లో సిమెంటు పొడి అయిపోయింది, ద్రవం అడుగున మిగిలింది. పారబొయ్యమన్నారు డాక్టరు గారు. అది తుప్పును భలే తింటుంది తల్లీ, ఒక చుక్క వేసి రుద్దితే చాలు. మీ అమ్మ కుట్టుమిషను చక్రం తుప్పు పట్టి కీచుమంటోంది. పారబొయ్యడానికి మనసొప్పక, డాక్టరు గారు వాడి పడేసిన కంటి చుక్కల సీసా ఒకటి కడిగి అందులో పోసి ఇంటికి తెచ్చాను. క్లినిక్ నుంచి ఏ మందూ బయటికి పోకూడదనీ, పేరు రాయని సీసాలో ఏదీ ఉండకూడదనీ డాక్టరు గారికి గట్టి పట్టుదల. తెలిస్తే ముందు వెనుకలు చూడకుండా ఉద్యోగంలోంచి తీసేసేవారు. క్లినిక్‌లో ప్రతి సీసాకూ ప్లాస్టరు అంటించి పేరు రాసేది నేనే. ఇంటికి తెచ్చిన దానికి మాత్రం రాయలేదు, మన ఇంట్లో ఎవరు ముట్టుకుంటారు అనుకున్నాను. పాత చీటీ కూడా పీకలేదు. కంటి మందు పేరు దాని మీద అలాగే ఉంది. చక్రం తుడిచి, మిగిలింది మిషను సొరుగులో పెట్టి మర్చిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి మీ అమ్మ కుడి కన్ను కొంగుతో అదిమి పట్టుకుని మంచం మీద అటూ ఇటూ దొర్లుతోంది. అక్క పక్కన కూర్చుని విసురుతోంది. పక్కన గిన్నెలో నలిపిన నందివర్ధనం పూలు. గంటయిందట. మొదట మీ అమ్మ చుక్కలు వేసుకుంది, మంటెత్తింది. మంట చల్లారడానికి అక్క పసరు పిండింది. కళ్ళకలకలో తడి తగలకూడదంటారు కదా, అందుకని ఇద్దరిలో ఎవరూ నీళ్ళతో కడగలేదు.

నేను మిషను వైపు చూశాను. సొరుగు తెరిచి ఉంది. సీసా మిషను బల్ల మీద ఉంది.

ఇప్పుడు నేను రాయబోయేది ఇరవై ఏళ్ళుగా ఏ ప్రార్థనలోనూ పైకి అనలేదు. గది మూల బిందె నిండా నీళ్ళున్నాయి. అంతకు ఏడాది ముందు అదే ద్రవం నా ముంజేతి మీద ఒలికితే డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని కుళాయి కింద గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు ఉంచారు. ఏం చెయ్యాలో ఆ వీధి మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా చెయ్యి బిందె వైపు పోలేదమ్మా. సీసా వైపు పోయింది. తీసి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాతే మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను.

మీ అమ్మ ఆ నొప్పిలోనే నా గొంతు గుర్తుపట్టి అడిగింది. "సొరుగుల సీసా నువ్వు ముందే తెచ్చిపెట్టి మరిచినవనుకున్న. పాపకు ఏసే ముందు మండుతదేమోనని నాకేసుకొని చూసిన. మందు మంచిదేనా?"

"మంచిదే," అన్నాను.

నువ్వు పక్క చాప మీద నీ వంతు కోసం కూర్చుని ఉన్నావు.

అక్క నా మొహంలోకి చూసింది. "మరి నా పసరుకు గిట్ల అయిందా జీవా? ఎన్నడు గాలే," అన్నది. నేను కాంపౌండర్ని. మందుల సంగతి నేను చెబితే ఆ ఇంట్లో తిరుగులేదు. "పూలల్ల ఏ పురుగుండెనో, ఎవరికి తెలుసు," అన్నాను. ఆ ఒక్కమాటతో అయిపోయింది. అక్క గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళి పూలు పారబోసి, చాలాసేపు లోపలికి రాలేదు.

రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు కంట్లో ఏం పడిందని అడిగాడు. పసరు అన్నాను. మందు వేసి, కట్టుకట్టి పంపాడు. మర్నాడు కట్టు విప్పి చూసి, పసరుకు ఇంతగా కాలదే, ఇంకేమైనా పడిందా, గుర్తు తెచ్చుకోమన్నాడు. మీ అమ్మ చుక్కల సంగతి ఎత్తబోతే నేనే అడ్డుపడి, అది మామూలు కంటి మందే, ఇంకేమీ లేదన్నాను. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అబద్ధమే చెప్పాను. మొదటిరోజే ఆసిడ్ అని చెప్పి ఉంటే అక్కడికక్కడ కడిగి వేరే వైద్యం చేసేవాళ్ళు. గంట దాటింది కాబట్టి అప్పటికే చాలావరకు చెడి ఉండవచ్చు. కొంతైనా మిగిలేదేమో. ఆ 'ఏమో' తోనే నేను ఇన్నాళ్ళూ బతికాను. ఆ నెలాఖరుకు నల్లగుడ్డు మీద తెల్లపొర కమ్మేసింది.

నువ్వైతే చెప్పేవాడివా నాన్నా అని అడిగావు. నేను చెప్పలేదు. అదీ నా జవాబు.

ఉద్యోగం పోతుందన్న భయం మొదటిరోజుది. ఆ తర్వాతది భయం కూడా కాదు. ఇవాళ చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారని ఒక రోజు, నిన్నటి దానికే జవాబు లేదని మరో రోజు, అలా వారాలు పోయాయి. మీ అమ్మ నెల రోజులు అక్కతో మాట్లాడలేదు. ఒకరోజు, "వదినను చూస్తె కన్ను మళ్ళ మండుతున్నది, నేనీ ఇంట్ల ఉండలేను," అన్నది. నేను తల వంచుకుని కూర్చున్నాను. అక్కే ట్రంకు పెట్టె సర్దుకుని కార్ఖానా బస్తీలో చర్చివాళ్ళ హాస్టలుకు ఆయాగా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మీ అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "నన్ను క్షమించు రోసమ్మా," అన్నది. చెయ్యని తప్పుకు నా అక్క నా భార్య కాళ్ళు పట్టుకుంటుంటే నేను ఆమె ట్రంకుకు తాడు కట్టాను.

తర్వాతదంతా నీకు తెలుసు. సూదిలోకి దారం ఎక్కించడానికి అమ్మ నిన్నే పిలిచేది. వీధి దాటేటప్పుడు నువ్వు ఆమె కుడివైపున నడిచేదానివి. అమ్మ కన్ను పోగొట్టింది అత్త అని ఎవరూ నీకు కూర్చోబెట్టి చెప్పలేదు, ఆ మాట ఇంటి గాలిలోనే ఉంది. నీకు సీటు వచ్చినప్పుడు అత్త పంపిన పెన్ను తిప్పి పంపావు. రెండేళ్ళ కిందట అమ్మ ఆస్పత్రిలో ఆఖరు రోజుల్లో ఉండగా అత్త వార్డు గుమ్మం దాకా వచ్చింది. అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. నువ్వు లేచి వెళ్ళి, "మీరు వెళ్ళిపోండి, అమ్మకు ఇష్టం లేదు," అన్నావు. నేను ఫ్లాస్కు పట్టుకుని నీ వెనకే నిలబడ్డాను. అప్పుడైనా నోరు విప్పి ఉంటే మీ అమ్మ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలుసుకుని పోయేది. అది నీ తప్పు కాదు మేబెల్. ఆ మాట నీ చేత అనిపించింది నేను.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ఆ ముసలావిడ తల వంచుకుందని నువ్వు రాసిన చోట నాకు అక్క కనబడింది. మొన్న ఆదివారం ఆరాధన కాగానే కార్ఖానా వెళ్ళాను. ఇప్పుడు ఆ హాస్టలు పక్కనే ఉన్న ముసలివాళ్ళ హోములో ఉంటోంది. వరండాలో బెంచీ మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. అరవై ఎనిమిదేళ్ళు. బాగా ఎండిపోయింది.

"ఏంది జీవా, గిట్ల ఎండల వచ్చినవ్, కూసో," అన్నది. మాట్లాడుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది.

కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే మళ్ళీ నీళ్ళ వంకతో లేచిపోయేవాణ్ణి. సీసా, సొరుగు, బిందె, ఆస్పత్రి, అన్నీ చెప్పాను. ఆమె చేట మీంచి కళ్ళెత్తలేదు. వేళ్ళు రాళ్ళేరుతూనే ఉన్నాయి. అంతా అయ్యాక అన్నది.

"ఇరవై ఏండ్ల సంది నేను ఎవ్వరికి కషాయం సుత ఇయ్యలే, ఎరుకనా? హాస్టలు పోరగాండ్లు దగ్గి దగ్గి చచ్చిపోతున్నా నా చెయ్యి ఆడలే. నా చేతిల పాపముందనుకున్న."

చేట ఒకసారి కుదిపి మళ్ళీ అడిగింది.

"రోసమ్మకు చెప్పినవా?"

"లేదక్కా."

"నాకు చెప్తె నీ గుండె తేలికయితది. మంచిదే. రోసమ్మకు ఎవరు చెప్తరు?"

ఆ 'మంచిదే' ఆమె మామూలుగానే అన్నది. ఆ మాట విని నేను బెంచీ చివర కూర్చున్నాను. అక్క ఏడవలేదు, తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నేను చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టినా ఇలాగే నిదానంగా ముక్కలన్నీ ఏరి, ఆ తర్వాతే నా వైపు చూసేది. ఆదివారం మాత్రం ఏరడం అయిపోయినా నా వైపు చూడలేదు.

"పాపకు చెప్పినవా?" అన్నది మళ్ళీ.

"ఇంకా చెప్పలే."

"అయితె ముందు దానికి చెప్పు. నోటితోని గాదు, నీ చేత్తోని రాయి. అది చదివినంక నా దగ్గరికి రా."

అందుకే ఈ ఉత్తరం. నా అంతట నేనే రాస్తున్నానని అనుకోవద్దు. ఆమె చెప్పకపోతే ఈసారి కూడా మోకాలు నొప్పి, జామకాయల దగ్గరే ఆపేసేవాణ్ణేమో. నా సంగతి నాకు తెలుసు.

లేచి వస్తుంటే కొంగు జారి ఆమె పై పన్ను కనబడింది. ముందు పన్ను, సగం దాకా విరిగిపోయింది. మే నెలలో బావి గట్టు దగ్గర పడిందట. ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్లుగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బతుకుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు కదా, అంతటి సమయంలోనూ నా నోటికి అదే వచ్చింది. "అక్కా, రేపు క్లినిక్‌కు రా, డాక్టరు గారితోని చేయిస్తా, నేనే దగ్గరుంట," అన్నాను.

"నీ చేతి మందు నాకొద్దు జీవా," అన్నది.

గట్టిగా కూడా అనలేదు. ఎవరైనా ఇంకొంచెం అన్నం పెట్టుకోమంటే చాలనే గొంతుతో అన్నది. గేటు దాకా వచ్చాక వెనక నుంచి మళ్ళీ వినబడింది. "పాప చేస్తె చేయించుకుంట. దానికి ఇష్టమైతెనే. నువ్వు బలిమి చెయ్యకు."

నేను బలవంతం చెయ్యను. నాకు ఆ హక్కు లేదు. ఈ ఉత్తరం చదివాక నువ్వు క్రిస్మసుకు ఇంటికి రావాలనిపించకపోయినా సరే, హాస్టల్లోనే ఉండు, నేను ఏమీ అనుకోను. అలా రాశాను గాని అనుకుంటాను, రోజంతా అనుకుంటాను. అయినా నువ్వు రాకపోవడం న్యాయమే. వస్తే మాత్రం సీతాఫల్‌మండి రాకముందు కార్ఖానా వెళ్ళు. స్టేషన్లో దిగి ఆటో తీసుకో, ఇంటికొచ్చి మొహం కడుక్కుని వెళ్దామనుకోవద్దు. అలా అనుకున్న పనులు ఈ ఇంట్లో ఇరవై ఏళ్ళు ఆగిపోయాయి.

నీ ముసలావిడ సంగతి నీకు ఇప్పుడు నేను చెప్పనక్కరలేదు. పుండు వారంలో మానుతుందన్నావు. ఆవిడ వంచుకున్న తల దానంతటదే లేవదు. నువ్వు వెళ్ళి చెప్పాలి. సారు కోప్పడతారు, ఆ టర్ము మార్కులు తగ్గిస్తారేమో. తగ్గించనీ.

ఆ సీసా నా దగ్గరే ఉంది. ఆ రోజే ద్రవం కాలవలో పోసి కడిగాను గాని సీసా పారెయ్యడానికి చెయ్యి రాలేదు. బైబిలు వెనక, గోడ అలమరలో ఉంది. నిన్న సాయంత్రం దాని పాత చీటీ నానబెట్టి పీకేసి, కొత్త ప్లాస్టరు అంటించి దాని పేరు రాశాను. నువ్వొస్తే చూపిస్తాను. ఇంక దాచేది ఏమీ లేదు.

అత్త పన్ను చేసేది నువ్వే అయితే, ఎలా చెయ్యాలో నీకే బాగా తెలుసు. అదే ఆసిడ్. పదిహేను సెకన్లే ఉంచు. చిగురుకు తగలనివ్వకు. మీ పుస్తకంలో రాసిన దానికి రెట్టింపు సేపు నీళ్ళతో కడుగు. మొదలుపెట్టే ముందు ఆమె కళ్ళకు అద్దాలు పెట్టు. అన్నిటికంటే ముందు నువ్వు వాడబోయే ఆసిడ్ సీసా ఆమె చేతికిచ్చి, అందులో ఏముందో పేరు చదివి చెప్పు. మందు మంచిదేనా అని ఆమె అడిగితే, ఇది ఆసిడ్ అత్తా, జాగ్రత్తగా వాడతాను అని చెప్పు.

ఇట్లు,
సువార్త తమ్ముడు,
నీ నాన్న,
జీవరాజు.